గురువుకు గురువెవరు? – పలక నుండి సెల్‌ఫోను వరకు వయోజన విద్యా బోధకుల శిక్షణ

మన అధ్యక్ష మండలము నూరేండ్లు నిండించుకొన్న ఈ సమయమున, ఈ సంచికలో ఆలయములను గూర్చి, ఆసుపత్రులను, పాఠశాలలను గూర్చి, వాటిని నెలకొల్పిన దైవజనులను గూర్చి పెద్దలు పలువురు వ్రాయుచున్నారు. అది ఎంతయు తగినది. మేము మాత్రము ఏ శిలాఫలకము మీదను పేరు చెక్కబడని ఒకరిని గూర్చి వ్రాయదలచితిమి. పగలంతా పొలములో పని చేసి వచ్చిన స్త్రీలకు రాత్రి భోజనముల తరువాత అక్షరములు దిద్దించు వయోజన విద్యా బోధకురాలే ఆమె. కొన్ని ఊళ్లలో ఆమె ఉపదేశకుని భార్య. కొన్ని ఊళ్లలో పదవ తరగతితో చదువు ఆగిపోయిన కోడలు. మరి కొన్నిచోట్ల స్త్రీల మైత్రిలో పాటలు నేర్పు యౌవనురాలు.

వయోజనులకు చదువు చెప్పుట పిల్లలకు చెప్పుట వంటిది కాదు. పిల్లవాడు తప్పు చదివినచో దిద్దుదుము, వాడు మరునాడు మరల వచ్చును. ఏబది ఏండ్ల తల్లి నలుగురిలో తప్పు చదివి నవ్వులపాలైనచో మరునాడు ఆమె రాదు. ఆమెకు సిగ్గు ఉన్నది, లోకానుభవము ఉన్నది, ఇంటి బరువు ఉన్నది. తన బ్రదుకునకు పనికిరాని పాఠము వినుటకు తీరిక లేదు. ఈ సంగతులెరిగి బోధించుటకు నేర్పు కావలెను. ఆ నేర్పు బోధకురాలికి ఎవరు ఇచ్చిరి? తరగతి మొదలైన మూడవ నెలలో హాజరు సగమునకు పడిపోయినప్పుడు ఆమె ఎవరిని అడుగవలెను? ఒక్క మాటలో చెప్పవలెనన్న, గురువుకు గురువెవరు?

గత నూరేండ్లలో ఈ ప్రశ్నకు సంఘమును, ప్రభుత్వమును పలు విధముల సమాధానము చెప్పినవి. పటములు వచ్చినవి, రేడియో వచ్చినది, ఉపగ్రహము వచ్చినది, కంప్యూటరు వచ్చినది. నేడు సెల్‌ఫోనులో ఆన్‌లైన్ శిక్షణ వచ్చినది. సాధనములు మారినను వాటి చరిత్ర ఒకే పాఠమును మరల మరల చెప్పుచున్నదని మా అభిప్రాయము. ఆ పాఠమును ఈ శతవార్షికోత్సవమున మనము నేర్చుకొనకపోయినచో, ఎంత డబ్బు పెట్టి ఎన్ని ఫోనులు కొన్నను ప్రయోజనము ఉండదు.

నెలవారీ కూడిక

తెలుగు దేశములో మన సంఘము పెరిగినది ఊరి బడి గడప తొక్కనీయని పేటలలో. అక్కడ ఉపదేశకుడే పంతులు, పంతులే ఉపదేశకుడు. పగలు పిల్లలకు ఓనమాలు, రాత్రి పెద్దలకు ప్రభువు ప్రార్థనయు, పది ఆజ్ఞలును నేర్పెడివాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్ అధ్యక్ష మండలమునకు తొలి బిషప్పైన వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘమందు తొలి భారతీయ బిషప్పు. గ్రామ సేవకుల తర్ఫీదుకు ఆయన ఇచ్చిన ప్రాధాన్యము అందరెరిగినదే. ఉపదేశకుడు ఒక్కడు నేర్చుకొనిన చాలదు, అతని భార్యయు నేర్చుకొనవలెనని ఆయన పట్టుదల. ఆయన సతీమణి అన్బుగారు స్త్రీల తర్ఫీదులో ఆయనకు తోడుగా నిలిచిరి.

ఆ కాలమున అనేక మిషన్ క్షేత్రములలో ఉపదేశకులు నెలకొకమారు మిషన్ బంగళాకు నడచి వచ్చెడివారు. జీతము అందుకొనుట ఒక పని. కాని ఆ రోజున వారు తమ ఊరి సంగతులు చెప్పుకొనిరి, వచ్చే నెల పాఠములు నేర్చుకొనిరి, ఒకరి కష్టము మరియొకరు వినిరి. దానిని శిక్షణ అని ఎవరును పెద్ద పేరు పెట్టి పిలువలేదు. అయినను అది శిక్షణయే.

దూరముననుండి బోధించుట సంఘమునకు క్రొత్త సంగతి కాదు. అపొస్తలుడైన పౌలు చెరసాలలో నుండియు పత్రికలు వ్రాసి దూరపు సంఘములను బోధించెను. అయితే ఆ పత్రికలు ఒంటరిగా పోలేదు. ఎఫెసీయులకును, కొలొస్సయులకును వ్రాసినప్పుడు తుకికు అను సహోదరుని పంపుచున్నానని ఆయన తెలియజేసెను. పత్రికలో లేని సంగతులు చెప్పుటకును, విన్నవారిని ఆదరించుటకును ఒక మనిషి వెంట వెళ్లెను. చదువరులు ఈ తుకికును జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. ఇకముందు చెప్పు చరిత్రలో అతడు పలు పేర్లతో కనబడును.

పటములు, రేకు పెట్టె

అమెరికా దేశస్థుడైన ఫ్రాంక్ లాబాక్ అను మిషనరీ ఫిలిప్పీన్స్ దేశములోని లనావో ప్రాంతమున మరనావో ప్రజల మధ్య 1930లో అక్షరాస్యత పని ఆరంభించెను. బొమ్మకు అక్షరమును జతపరచిన పటములు ఆయన సాధనము. కొద్ది కాలమునకే ఆర్థిక మాంద్యము వలన మిషన్ ధనము తగ్గి, బోధకులకు జీతములిచ్చు దారి లేకపోయెను. అప్పుడు పుట్టినదే నేర్చుకొన్న ప్రతివాడును మరియొకనికి నేర్పవలెనను పద్ధతి. 1935లో ఆయన భారతదేశము వచ్చి గాంధీగారిని కలిసికొని, తరువాతి సంవత్సరములలో మన భాషలలో పటములు తయారు చేయుటకు పలువురితో కలిసి పనిచేసెను. ‘ఇండియా షల్ బి లిటరేట్’ అను ఆయన పుస్తకము 1940లో వెలువడినది.

ఈ పద్ధతి వలన కలిగిన మేలు గొప్పది. చదువు చెప్పుట పండితుల సొత్తు కాదని అది లోకమునకు చాటినది. అయితే నిన్న నేర్చుకొన్నవాడు నేడు పటము చూపగలడు గాని, పటము ముగిసిన తరువాత ఏమి చేయవలెనో అతనికి ఎవరు చెప్పవలెను?

దీనికి జవాబు వెదకినవారిలో వెల్తీ ఫిషర్ అమ్మగారు ఒకరు. ఈమె మెథడిస్టు బిషప్పు ఫ్రెడరిక్ ఫిషర్ గారి విధవరాలు. 1947 చివర గాంధీగారిని కలిసినప్పుడు, ఈ దేశమునకు సహాయము చేయదలచినచో గ్రామములకు వెళ్లుమని ఆయన ఆమెను ప్రోత్సహించిరి. 1953లో, తన డెబ్బదిమూడవ ఏట, ఆమె అలహాబాదులో లిటరసీ హౌస్ ఆరంభించెను. 1956లో అది లక్నోకు మారినది. ఆ సంస్థ ముఖ్యోద్దేశము గ్రామస్థులకు నేరుగా చదువు చెప్పుట కాదు, చెప్పువారిని తయారు చేయుట. అక్కడ తోలుబొమ్మల వంటి ఆటబొమ్మలతో పాఠము చెప్పుట నేర్పిరి. పుస్తకములు నింపిన రేకు పెట్టెలను గ్రామములకు పంపిరి. పెట్టె వెంట శిక్షణ పొందిన మనిషి వెళ్లెను. ఇదిగో, తుకికు!

రేడియో, ఉపగ్రహము

1956లో పూనా రేడియో కేంద్రము నుండి బొంబాయి రాష్ట్రములోని 150 గ్రామములకు 20 కార్యక్రమములు ప్రసారము చేసి ఒక ప్రయోగము జరిపిరి. ప్రతి గ్రామమందును కొందరు కూడి విని, విన్నదానిని చర్చించి, తమ ప్రశ్నలను కేంద్రమునకు వ్రాసిరి. పాల్ న్యూరాత్ అను పండితుడు దీనిని పరిశీలించెను. చర్చా సంఘమున్న గ్రామములను, రేడియో ఉండియు చర్చా సంఘము లేని గ్రామములను, రేడియోయే లేని గ్రామములను ఆయన పోల్చి చూచెను. కూడి చర్చించిన గ్రామములలో జనుల తెలివి ఎంతో పెరిగినది. కేవలము రేడియో మాత్రమే ఉన్నచోట పెరుగుదల దానికి చాల తక్కువ. పెట్టె ఒకటే, గొంతు ఒకటే. ప్రక్కన కూర్చుండి మాటలాడువారు ఉండుటయే భేదము. ఆన్‌లైన్ శిక్షణను గూర్చి మాటలాడు ప్రతివారును ఈ పాత ప్రయోగమును తెలిసికొనవలెను.

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము సాగిన ‘సైట్’ అను ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగము ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు చేరినది. మన ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. తెలుగులోను కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ సంవత్సరములోనే ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చిరి. రెండు విడతలలో సుమారు 50,000 మంది శిక్షణ పొందిరి. అంతమందిని ఒకచోట కూర్చుట ఏ ట్రెయినింగు కాలేజీకిని సాధ్యము కాదు. అయితే టెలివిజన్ ఒక్కటే ఆ పని చేయలేదు. దానికి తోడు రేడియో పాఠములు, అచ్చు పుస్తకములు, చేతితో చేయవలసిన ప్రయోగములు, సందేహములు తీర్చుటకు ప్రతి కేంద్రమున ఒక మార్గదర్శి అమర్చబడినవి.

కంచెకు గుంజలు

అదే కాలమున సంఘములోను ఇటువంటి మార్పు ఒకటి వచ్చినది. మధ్య అమెరికాలోని గ్వాతెమాల దేశమున ప్రెస్బిటేరియన్ సెమినరీ వారు 1963లో ఒక క్రొత్త దారి త్రొక్కిరి. సంఘపు పని విడిచి సెమినరీకి రాలేని గ్రామ నాయకుల యొద్దకు సెమినరీయే వెళ్లినది. వారు ఇంటివద్ద పాఠము చదివి, వారమునకొకసారి బోధకునితో కూడి చర్చించి, మిగిలిన దినములు తమ సంఘములో పనిచేసిరి. మన దేశములో 1971లో బెంగుళూరు కేంద్రముగా ఏర్పడిన టాఫ్టీ ఈ విధమైన వేదాంత విద్యను వ్యాపింపజేసినది.

ఈ పద్ధతిని వివరించుటకు టెడ్ వార్డ్ అను విద్యావేత్త కఱ్ఱల కంచెను ఉపమానముగా చెప్పెను. కంచెకు రెండు అడ్డకఱ్ఱలు: ఒకటి చదివిన పాఠము, రెండవది చేయుచున్న పని. ఈ రెంటిని కలిపి నిలువబెట్టునవి నడుమ నాటిన గుంజలు. అవే క్రమము తప్పని కూడికలు. గుంజలు లేనిచో అడ్డకఱ్ఱలు నేలమీద పడియుండును. అది కఱ్ఱల మోపే గాని కంచె కాదు. మా దృష్టిలో దూరవిద్యను గూర్చి ఇంతకంటె చక్కని ఉపమానము లేదు.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినది. దేశములో అటువంటి విశ్వవిద్యాలయములలో అదే మొదటిది. 1991 నుండి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు ధరించినది. పోస్టులో పాఠములు పంపుటతో ఊరకుండక, అది ఊరూర అధ్యయన కేంద్రములు పెట్టి ఆదివారపు తరగతులు నడిపినది. అవియు గుంజలే.

యాబది రూపాయల పంతులు

1978 అక్టోబరు 2న భారత ప్రభుత్వము జాతీయ వయోజన విద్యా పథకమును ఆరంభించినది. 15 నుండి 35 ఏండ్ల వయస్సుగల 10 కోట్లమందికి అయిదేండ్లలో చదువు నేర్పవలెనని సంకల్పము. ఒక్కొక్క కేంద్రమునకు సుమారు 30 మంది. బోధకునికి నెలకు 50 రూపాయల గౌరవ వేతనము. లక్ష్యము ఆకాశమంత, బోధకునికి దొరకిన ఆదరణ అరచేయంత. ఈ నిష్పత్తిని తరువాతి పథకములును పెద్దగా మార్చలేదు.

1988 మే 5న జాతీయ సాక్షరతా మిషన్ ఏర్పడిన తరువాత పద్ధతి మారినది. కేరళలోని ఎర్నాకుళము జిల్లా 1990లో సంపూర్ణ అక్షరాస్యత సాధించినది. మన నెల్లూరు జిల్లాలో ‘అక్షర జ్యోతి’ వెలిగినది. ఇక్కడ వేలకొలది యువతీయువకులు జీతము లేకుండ బోధించిరి. పాటలు, వీధి నాటకములు, కళాజాతలు వారికి పాఠమును, ఉత్సాహమును కూడ ఇచ్చినవి. వాచకములోని ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠము చదివి చర్చించుకొన్న దూబగుంట స్త్రీలు తమ ఊరిలో సారా దుకాణమును మూయించిరి. రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు నడిపిన ఆ ఉద్యమము 1992 నాటికి జిల్లా అంతట, పిదప రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకు దారితీసినది. పాఠము అచ్చులో ఉన్నది. కాని దానిని చర్చగా మార్చుటకు ఎవరో ఒకరు ఆ స్త్రీల నడుమ కూర్చుండి, మీ ఊరిలో సంగతేమిటని అడుగవలసియుండెను. బ్రెజిల్ దేశపు విద్యావేత్త పావ్లో ఫ్రెయిరే చెప్పినదియు ఇదే. ఆయన 1970 నుండి సుమారు దశాబ్దకాలము జెనీవాలోని సంఘముల ప్రపంచ సమితిలో పనిచేసెను గనుక మనకు పరాయివాడు కాడు.

బీరంగూడ కంప్యూటరు

2000 సంవత్సరమున అప్పటి మెదక్ జిల్లాలోని బీరంగూడ గ్రామములో మరియొక ప్రయోగము జరిగినది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థలో ఎఫ్.సి. కోహ్లీగారి ప్రోత్సాహముతో తయారైన కంప్యూటరు పాఠములను అక్కడి తెలుగు స్త్రీలకు చూపిరి. ‘అ, ఆ’లతో గాక మాటలతో పాఠము మొదలగును. బొమ్మ కదలును, కంప్యూటరు ఆ మాటను పలుకును. సుమారు 40 గంటలలో వార్తాపత్రిక చదువ గలుగునట్లు చేయుట దాని లక్ష్యము. బాగుగా శిక్షణ పొందిన బోధకులు దొరకని లోటును యంత్రముతో పూరించవలెనని దాని రూపకర్తల ఆలోచన.

ఆలోచన మంచిది. పలుకు తప్పుపోదు, విసుగు చెందదు, ఎన్నిసార్లయినను మరల చెప్పును. అయితే ఇది చదువుట నేర్పినది గాని వ్రాయుట నేర్పుటకు మరల పలకయు, పంతులును కావలసివచ్చినవి. చదువుకొనుటకు రమ్మని ఇంటింటికి తిరిగి పిలుచుట ఏ యంత్రమునకును చేతకాదు. బోధకుని పని తగ్గలేదు, మారినది. మారిన పనికి క్రొత్త శిక్షణ కావలెను.

అరచేతిలోని తరగతి

2009 సెప్టెంబరు 8న ఆరంభమైన సాక్షర భారత్ పథకము స్త్రీల చదువుపై దృష్టి పెట్టి, పంచాయతీకి ఇద్దరు ప్రేరకులను నియమించి, 2018 మార్చితో ముగిసినది. ఈలోగా 2017లో స్వయం, దీక్ష అను ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలు వచ్చినవి. 2017 – 2019 మధ్య శిక్షణ లేని బడి పంతుళ్లు పది లక్షలకు పైగా ఈ మార్గమున జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థ వారి డిప్లొమా కోర్సులో చేరిరి. అందులో కూడ వీడియో పాఠములతో పాటు కేంద్రమునకు వచ్చి కూర్చుండవలసిన తరగతులు ఉండెను. 2022 – 27 కాలమునకు 1,037.90 కోట్ల రూపాయలతో ఏర్పరచిన నూతన సాక్షరతా కార్యక్రమము 15 ఏండ్లు దాటిన 5 కోట్లమందిని ఉద్దేశించినది. దానికి ‘ఉల్లాస్’ అని పేరు. 2023 జూలై 29న దాని యాప్ విడుదలైనది. బోధకులు స్వచ్ఛంద సేవకులు. వారికి కావలసిన పాఠములు ఫోనులోనే దొరకును.

ఈ మార్గమును మేము నిరాకరించుట లేదు. బస్సు చార్జీ లేకుండ, చంటిబిడ్డను విడువకుండ, తనకు తీరిక దొరకిన వేళ బోధకురాలు పాఠము వినగలదు. అర్థము కానిచో మరల వినగలదు. నెలకొకసారి నడచి వచ్చిన ఆనాటి ఉపదేశకునికి ఈ భాగ్యము లేదు. అయితే కొన్ని చిక్కులు కన్నులెదుటనే ఉన్నవి. పలు ఇండ్లలో ఫోను భర్తదో, కుమారునిదో. ఆమె చేతికి వచ్చుసరికి రాత్రి పది గంటలు. వీడియోను చివరివరకు నడిపిన మాత్రమున సర్టిఫికెట్టు వచ్చును గాని నేర్పు వచ్చునను నమ్మకము లేదు. భాష మరియొక చిక్కు. వ్యావహారిక భాష కొరకు గిడుగు రామమూర్తి పంతులుగారు 1940లో కన్నుమూయు వరకు పోరాడిరి. అయినను నేటి శిక్షణ పాఠములు కొన్ని ఆఫీసు ఫైళ్ల తెలుగులోనే ఉన్నవి. (సావనీరు కొరకు మేము వ్రాయుచున్న ఈ తెలుగును తరగతిలో వాడవద్దని మా బోధకులకు మేమే చెప్పుదుము!) అన్నిటికంటె పెద్ద చిక్కు ఒంటరితనము. హాజరు తగ్గినప్పుడు, పంచాయతీవారు హేళన చేసినప్పుడు, తన ఇంటివారే ‘నీకెందుకీ పని’ అన్నప్పుడు ఏ వీడియోయు ఆమె మాట వినదు.

మన కర్తవ్యము

పని ఇంకను ముగియలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67.02 శాతము, స్త్రీలలో 59.15 శాతము మాత్రమే. చదువను గ్రంథమే ఆధారముగాగల సంఘమునకు ఈ అంకెలు నిద్ర పట్టనీయకూడదు. చదువురాని విశ్వాసి బైబిలును ఆదివారము ఒకరు చదివిపెట్టిన మేరకే ఎరుగును. భూమి పట్టాను, అప్పు పత్రమును కూడ ఇతరుల కన్నులతోనే చూచును.

కావున ఈ శతవార్షికోత్సవము సందర్భముగా మూడు మనవులు. మొదటిది, ప్రతి పాస్టరేటులోను వయోజన విద్యా బోధకుల నెలవారీ కూడికను పునరుద్ధరించవలెను. ఆన్‌లైన్ పాఠములు ఆ కూడికల నడుమ నడువవలెనే గాని వాటికి బదులుగా కాదు. బోధకులు ఆ నెల ఫోనులో విన్న పాఠమును కూడికలో చేసి చూపవలెను. రెండవది, పదిమంది బోధకులకు ఒక అనుభవజ్ఞురాలిని తోడుగా నియమించవలెను. ఆమె వారమునకొకసారి ఫోను చేసి, రెండు నెలలకొకసారి తరగతికి వెళ్లి కూర్చుండవలెను. తప్పులు పట్టుటకు గాక తోడుండుటకు వెళ్లవలెను. విశ్రాంతి తీసుకొన్న ఉపాధ్యాయురాండ్రు మన సంఘములలో ఎందరో ఉన్నారు. మూడవది, పాఠములను మన ప్రాంతపు మాటలో, అయిదారు నిమిషములకు మించకుండ, మన బోధకుల చేతనే చెప్పించి రికార్డు చేయవలెను. బోధకుల ఫోను రీచార్జి ఖర్చును పాస్టరేటు బడ్జెట్టులో ఒక పద్దుగా వ్రాయవలెను. ఆలయమునకు రంగులు వేయుటకు పద్దు ఉన్నప్పుడు దీనికి ఎందుకుండకూడదు?

ఈ మూడింటికి కోట్లు అక్కరలేదు. పత్రికతోపాటు మనిషిని పంపిన పౌలు పద్ధతి చాలును. పరలోకపు బోధకుడే శరీరధారియై మన మధ్య నివసించెనని విశ్వసించు సంఘము, తన బోధకులను ఒక తెరకు అప్పగించి ఊరకుండ తగదు. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన అధ్యక్ష మండలము తన గురువులకు గురువుగా, తోడుగా నిలుచుటకు ప్రభువు కృప దయచేయును గాక.